రేపుగారు

లిఫ్టు ఒక్కసారి ఊగి, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది.

"అయిపోయింది. మళ్ళీ చచ్చింది," అంటూ బామ్మగారు కూరల సంచీ కింద పెట్టింది.

పక్కనున్న అతను తలుపు మీద అరచేతులతో బాదాడు. "ఎవరైనా ఉన్నారా? తలుపు తీయండి."

పైనుంచి కొత్త వాచ్‌మన్ గొంతు వినిపించింది. "అయిదో అంతస్తువాళ్ళ సామాన్లు దించుతున్నా. ఇదిగో, వచ్చేస్తున్నా."

ఆ మాటకి అతని మొహం పాలిపోయింది. కింద లిఫ్టు ముందు కాస్త తటపటాయించిన మాట నిజమే. మెట్లెక్కే టైము లేదని ఎక్కేశాడు.

"తెగి కింద పడదు కదా నాయనా?"

"పడదు బామ్మగారూ. తాడు గట్టిదే. ఆగిపోవడమే దీని జబ్బు."

"నీ నోటి చలవ. ఇదంతా ఆ మెకానిక్ మహానుభావుడి పుణ్యం. మేం ఈ బిల్డింగుకి వచ్చాక వాడి మొహం చూసింది లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా రేపు పొద్దున్నే వస్తానంటాడు. అందరం కలిసి రేపుగారని పేరు పెట్టాం."

అతను ఫోన్ తీసి ఒకే నంబరుకి మళ్ళీ మళ్ళీ చేశాడు. అవతల ఎత్తలేదు. ఫోన్ జేబులో పడేసుకున్నాడు.

"ఎవరింటికి బాబూ?"

"అయిదో అంతస్తుకి. ఇవాళ ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారట."

"మా పక్కింటి అమ్మాయా? బంగారం లాంటి పిల్ల. మేమంతా ఆ మెకానిక్‌ని తిట్టిపోస్తుంటే, 'పోనీలెండి బామ్మగారూ, ఏం ఇబ్బందుల్లో ఉన్నాడో' అని సర్దిచెప్పేది. దానికో అన్న ఉన్నాడట. తల్లి మంచాన పడి వాణ్ణే కలవరిస్తుంటే, ఆదివారం వస్తా, ఆదివారం వస్తా అంటూ, చివరికి అంతా అయ్యాక వచ్చాడట. అప్పట్నుంచి వాడితో మాటల్లేవు. మనిషేనా వాడు?"

"ఆ అన్నని నేనే," అన్నాడతను.

బామ్మగారు నోరు నొక్కుకుంది. మెత్తగా, "దేవుణ్ణి తలుచుకో నాయనా," అంది.

తలుచుకోబోయాడు. కన్నతల్లి పిలిచినా వాయిదా వేసినవాడు, ఇప్పుడు తొందరగా రమ్మని దేవుణ్ణి ఏ మొహంతో అడుగుతాడు?

తలుపవతల అడుగుల చప్పుడయింది.

"వాచ్‌మన్, అయిదో అంతస్తు ఆవిడ వెళ్ళిపోయిందా?"

"కింద కారెక్కుతున్నారు సార్."

"వాళ్ళన్నయ్య లిఫ్టులో ఉన్నాడని చెప్పు. వెళ్ళనివ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అడుగులు కిందికి పరుగెత్తాయి. బామ్మగారు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. అతను తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు. వాచ్‌మన్ రొప్పుతూ తిరిగొచ్చాడు.

"చెప్పాను సార్. 'వస్తున్నానని ఎప్పుడూ అంటాడు, మొహం కనిపిస్తే నమ్ముతా' అన్నారు. రైలుకి టైమైపోతోందట. మెకానిక్ ఇప్పుడే వస్తానంటే మాత్రం ఆగుతారట. ఆ మాట అంటూ ఎందుకో నవ్వారు సార్. నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు."

"ఇంకేం, రేపుగారికి కొట్టు ఫోను," అంది బామ్మగారు. "నంబరు గోడ మీదే ఉంది. ఇవాళైనా ఎత్తుతాడేమో చూద్దాం."

"కొట్టానమ్మగారూ. రింగవుతోంది."

అతని జేబులో ఫోన్ మోగింది.