గొరవంక చెప్పిన తెగులు కథ

పెరట్లో కోళ్ళు బూడిదలో పొర్లుతుంటే గొరవంక కథ చెప్పడం రివాజు. ఆ పూట ఓ గూటి కోళ్ళకు తెగులు తగిలిన కథ ఎత్తుకుంది.

కంచె సందులోంచి ముంగిస తల దూర్చింది. "ఆ తెగులు గూట్లోకి ఎలా చేరింది? ఎవరు తెచ్చారు? అదొక్కటీ విడమరిచి చెప్పక్కా!"

ఇంత ఆసక్తిగా వినేవాళ్ళు దొరికారని గొరవంక మురిసిపోయింది. నోరు తెరవబోయి ఆగింది. కథంతా వదిలేసి దీనికి ఆ ఒక్క ముక్కే ఎందుకు? కోళ్ళు నీరసిస్తే ముంగిసకు పండగే కదా!

ఇంతలో ముసలిపెట్ట అడిగింది. "అది సరేగానీ, బతికినవి ఎలా బతికాయమ్మా?"

గొరవంక చావులన్నీ అల్లింది గానీ ఆ సంగతే ఆలోచించలేదు. కాసేపు రెక్క గోక్కుని మళ్ళీ అందుకుంది.

"నలతగా ఉన్న కోడి తనంతట తనే ఎడంగా జరిగింది. మిగిలినవి దాని నీళ్ళు ముట్టలేదు. గింజలు మాత్రం రోజూ కాళ్ళతో దానివైపు చిమ్మేవి."

"ఓస్, ఇంతేనా!" అంటూ ముంగిస వెళ్ళిపోయింది.

పొద్దున్నుంచీ తుమ్ముతున్న నల్లపెట్ట మెల్లగా లేచి, దూరంగా జామచెట్టు కింద కూర్చుంది.

గొరవంక దానికీ వినబడేలా గొంతు పెంచింది.