జాబితాలో లేని డబ్బు

"ఇదీ వద్దు," అన్నాడు హేరామాన్ తులాధర్, కంప్యూటర్ మీంచి మొహం తిప్పుకుంటూ. "ఇందులోనూ లాసా డబ్బు లేదు."

ఆయన కూతురు మోతీశోభ తల పట్టుకుంది. కాఠ్మాండూ థమేల్ సందులోని తమ శాలువాల కొట్టుకి లెక్కల సాఫ్ట్‌వేర్ కొందామని ఆమె తెప్పించి చూపించిన వాటిలో ఇది మూడోది. మొదటి రెండింటినీ కూడా తండ్రి ఈ మాటే అని తిప్పి పంపాడు.

"బా! డాలరుంది, యూరో ఉంది, యెన్ ఉంది, యువాన్ ఉంది. మన రూపాయుంది, ఇండియా రూపాయుంది. మన కొట్టుకొచ్చేవాళ్ళ జేబుల్లో ఇంకేం ఉంటాయి?"

"లాసా షో. టిబెట్ వాళ్ళ సింహం బొమ్మ రాగి నాణెం."

"నువ్వు లాసాలో కొట్టు మూసేసి వచ్చిన రోజుల్లోనే చచ్చిపోయింది కదా ఆ డబ్బు!"

"చచ్చిపోయిందని నీకెవరు చెప్పారు?" ముసలాయన గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఎదురుగా ఉన్న ముత్యాల కొట్టువాడు తొంగి చూశాడు.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చిన తిలక్ గురుంగ్‌కి నవ్వు ఆగలేదు. "ఏంటి సాహూజీ, రాత్రిళ్ళు దయ్యాలక్కూడా శాలువాలు అమ్ముతున్నారా?"

హేరామాన్ నవ్వలేదు. తిలక్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మోతీశోభకి మాత్రం ఏడుపొచ్చేలా ఉంది. కిందటేడు యూరోకి ఒకనాటి రేటు, యెన్‌కి ఇంకోనాటి రేటు వేసుకుని పద్దులు కలగాపులగం అయ్యాయి. ఇంకోసారి ఇలాంటి లెక్క తెస్తే సంతకం పెట్టనని ఆడిటర్ మొహం మీదే చెప్పాడు. శాలువాలు కొనే బెర్లిన్ వాళ్ళేమో యూరోల్లో సరైన బిల్లు పంపితేనే సరుకు తీసుకుంటామన్నారు. ఆ సరుకు పోతే కొట్టుకి అద్దె కూడా రాదు.

"బా, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి సరేననవూ?"

ఆయన జవాబు చెప్పేలోగా ఒక టిబెట్ ముసలామె కొట్లోకి వచ్చింది. నడుముకి చారల గుడ్డ, రెండు తెల్ల జడలు. మోకాళ్ళ నొప్పులతో పొద్దుణ్ణించీ కదలని మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఎక్కణ్ణించమ్మా?" అని అడిగాడు లాసా భాషలో.

"ఇక్కడే, బౌద్ధ స్తూపం దగ్గర్నించి. ఊలు మేజోళ్ళున్నాయా?"

మేజోళ్ళు ఇస్తున్నాడేగానీ ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, మూసిన పిడికిలి మీద ఉంది. ఆమె గుప్పిట విప్పింది. మడతలు పడ్డ నేపాలీ నోటు. హేరామాన్ చిల్లర ఇవ్వడం కూడా మరిచిపోయి అలాగే కూలబడ్డాడు. మోతీశోభే చిల్లరిచ్చి ఆమెను పంపించింది.

ఇది ఆమెకి కొత్త కాదు. చిన్నప్పటి నించీ చూస్తూనే ఉంది. "మీ నాన్నకి లాసా గాలి పట్టిందే. అది ఏ మంత్రానికీ వదిలేది కాదు," అనేది తల్లి. ఆ తల్లి పోయిన నాడు కూడా, పరామర్శకొచ్చిన ఆడవాళ్ళ చేతులవంకే చూస్తూ కూర్చున్నాడాయన.

తిలక్ గొంతు సవరించుకున్నాడు. "దిదీ, దీన్లో ఒక సదుపాయం ఉంది. జాబితాలో లేని డబ్బుని మనమే కలుపుకోవచ్చు. సాహూజీ, కలిపేస్తే ఇది తీసుకుంటారా?"

హేరామాన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "కలుపు. నా కళ్ళ ముందు కలుపు."

"పేరు?"

"షో."

తిలక్ టైపు కొట్టాడు. డాలరు కింద, యూరో కింద, షో అని ఒక కొత్త వరస వచ్చింది. ముసలాయన తెర మీద వేలు పెట్టి ఆ అక్షరాన్ని తడిమాడు.

"ఇక రేటు చెప్పండి. ఒక షోకి ఎన్ని రూపాయలు?"

"ఒక షోకి..." ఆయన కొట్టంతా కలియజూశాడు. "ఏది కావాలంటే అది."

"అలా కుదరదు సాహూజీ. అంకె కావాలి."

"అయితే ఈ కొట్లో సరుకంతా కలిపి ఎంతో, అంత వెయ్యి."

"బా!" మోతీశోభ ఇక ఓర్చుకోలేకపోయింది. "మతి గానీ పోయిందా నీకు? ఎవరైనా వింటే నవ్విపోతారు! ఆ డబ్బు పట్టుకుని ఎవరొస్తారు?"

"నవ్వనీ మైచా, నా తల్లీ." ఆయన గొంతులో ఇప్పుడు కోపం లేదు. "నేను పోయాక ఈ కుర్చీలో నువ్వు కూర్చుంటావు. ఎవరో ముసలావిడ వచ్చి ఒక్క షో నీ ముందు పెడితే, ఇది చెల్లదు పొమ్మంటావు. నాకు భయం దాని గురించే. మిషన్ చెల్లుతుందని చెబితే నువ్వు పొమ్మనలేవు."

"ఎందుకొస్తారు ఎవరైనా?"

"నేను రమ్మన్నాను గనక. కాఠ్మాండూలో మన కొట్టుంది, ఇది పట్టుకుని రా, ఏది కావాలంటే అదిస్తాను అని చెప్పి, ఉన్న ఒక్క షో చేతిలో పెట్టొచ్చాను. అప్పట్లో మన నేపాలీ వ్యాపారులకి అక్కడి టిబెట్ భార్యతో కొడుకు పుడితే తండ్రి దేశం లెక్క, వెంట తెచ్చుకోవచ్చు. కూతురు పుడితే తల్లి దేశం లెక్క. సరిహద్దు దాటనివ్వలేదు."

కీబోర్డు మీద తిలక్ వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరి చేతిలో పెట్టొచ్చావు బా?" అంది మోతీశోభ.

"మీ అక్క చేతిలో."