పిలిస్తే పలకొద్దు

"నోరు ముయ్యరా! పలికావంటే అంతే సంగతులు!"

మాలై కొడుకు నోటిని అరచేత్తో నొక్కిపెట్టింది. ఆకుల కప్పు మీద వాన దబదబా బాదుతోంది. ఆ హోరులోంచే కాలవ వైపు నుంచి మళ్ళీ వినిపించింది.

"కోంగ్!... కోం...గ్!"

ఊరికి రక్షగా కొత్తగా నగర స్తంభం నిలబెడుతున్నారు. గోతిలో మనుషుల్ని పాతితేనే అది నిలుస్తుందట. రాజభటులు ఇన్, చన్, మన్, కోంగ్ అని నాలుగు పేర్లు పిలుచుకుంటూ తిరుగుతారట. పలికినవాణ్ణి పలికినట్టే పట్టుకుపోతారట. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు. మాలై కొడుకు పేరేమో కోంగ్.

కోంగ్ తల్లి చెయ్యి విడిపించుకున్నాడు. "అదంతా ఉత్త పుకారమ్మా. ఎవరో మనవాళ్ళే అయ్యుంటారు. చూసొస్తా."

"మనవాళ్ళయితే మెట్లెక్కి రారూ? నిప్పు లేందే పొగొస్తుందట్రా?"

"కోంగ్!"

ఈసారి గొంతు, వాన హోరులో ఎవరిదో పోల్చుకోలేకుండా, సరిగ్గా గుంజల మీద లేపి కట్టిన ఇంటి కిందే ఉంది. కాలవలోకి దిగే మెట్లని ఎవరో దబదబా కొడుతున్నారు.

మాలై ఒక్క ఉదుటున వెళ్ళి తలుపుకి అడ్డంగా కూర్చుంది. "నన్ను దాటి వెళ్ళావో, మీ అమ్మ చచ్చిందనుకో" అంది. ఆమెని చూసేసరికి కోంగ్‌కీ భయమేసింది. పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు.

పిలుపు మరోసారి వచ్చింది, సన్నగా. ఆ తర్వాత రాలేదు.

"పోయార్రా! ఆ బుద్ధుడే కాపాడాడు" అంటూ మాలై కొడుకుని కావిలించుకుని భోరుమంది.

వాన తెరిపిచ్చాక, వెనక గట్టు మీంచి పక్కింటి ఫూమ్ మామ వచ్చాడు.

"ఇంకా తలుపులేసుకు కూర్చున్నారేంటమ్మా? పొద్దున్నే స్తంభం నిలబెట్టేశారు. గోతిలో బంగారు రేకులూ, రత్నాలూ వేశారంతే. మనిషీ లేడు, గినిషీ లేడు. మీ ఆయనా నేనూ దగ్గరుండి చూశాం."

"మరి ఇందాక నా కొడుకుని పేరు పెట్టి పిలిచిందెవరు?"

"పిలిచేవాళ్ళెవరూ లేరంటుంటే! మీరు భయపడి చస్తుంటారని, ఈ మాట చెప్పడానికి మీ ఆయన నాకంటే ముందే పడవేసుకు బయల్దేరాడే. ఇంకా రాలేదా?"

కోంగ్ మెట్ల వైపు పరిగెత్తాడు. కింద నాన్న పడవ బోర్లాపడి, మెట్లకి కొట్టుకుంటోంది.

"నాన్నా!"

ఎవరూ పలకలేదు.