వద్దన్న గోడ

రేష్మాకు మళ్ళీ దగ్గు తెర వచ్చింది. కింది పోర్షన్‌లోంచి ఆ దగ్గు వినపడితే శ్యామలమ్మకు ముద్ద దిగదు.

ఇల్లు తనది. చెమ్మకు కారణమూ తనే. పైన తన బాత్‌రూం పైపు పగిలి, నీళ్ళన్నీ కింద రేష్మా నాయన ఖలందర్ అద్దెకుంటున్న గదుల గోడల్లోకి దిగాయి. గోడలు నల్లగా బూజు పట్టాయి. ఇంకా ఆ గాలి పీలిస్తే పిల్లకు ఉబ్బసం తప్పదని డాక్టరు చీవాట్లు పెట్టింది కూడా తననే.

శ్యామలమ్మ పులివెందుల వదిలి ప్రొద్దుటూరులోని ఈ సొంతింటికి వచ్చి ఏడాదే అయింది. ఆమె వచ్చేసరికే రేష్మాకు తల్లి లేదు. ఖలందర్ కలమల్ల థర్మల్ ప్లాంటుకు కాంట్రాక్టు పనికి పోతే, ఆరేండ్ల పిల్ల అవ్వా అవ్వా అంటూ ఈమె కొంగు పట్టుకునే తిరుగుతుంది.

పైపు బాగు చేయించింది. ఇక గోడలు.

"పెచ్చులన్నీ రాలగొట్టిచ్చి సిమెంటు పూయిస్తా ఖలందర్."

"అట్నే కానీమ్మా. వంటింటి వాకిలి పక్క గోడ ఒకటి మాత్రం వదిలెయ్."

"ఏం, దానికేమన్నా బంగారు పూత పూసినావా? ఇంత మరక ఉండాది ఆడ!"

"ఉండనీలేమ్మా."

అంతే. తల దించుకుని డ్యూటీకి పోయాడు.

శ్యామలమ్మకు ఒళ్ళు మండింది. సెలవు దొరికితే చాలు, ఈ మనిషి బ్లీచింగ్ నీళ్ళతో గోడలన్నీ తోముతాడు. ఆ మరక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. పళ్ళెమంత మరక. నేల నుంచి రెండు మూరల ఎత్తున, గుండ్రంగా, నల్లగా.

ఒకనాడు కిందికి దిగి చూస్తే, పిల్ల ఆ మరకకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తోంది. శ్యామలమ్మ ఉరికింది. రెక్క పట్టి లాగి వీపున ఒకటిచ్చింది.

"ఊపిరాడక సస్తాండావు, పోయి పోయి దాని వాసనే పీలుస్తావా పాపిష్టిదానా!"

పిల్ల ఏడవలేదు. దగ్గింది. దగ్గుతూనే గోడ వైపు చూసింది.

ఆ సాయంత్రమే శ్యామలమ్మ మేస్త్రీ కమాల్ బాషాకు కబురు పెట్టింది.

ఖలందర్ డ్యూటీలో, పిల్ల బడిలో ఉండగా పని మొదలైంది. ఉలి తగిలితే చాలు, గోడలు పొడిపొడిగా రాలాయి. చివరికి ఆ మరక దగ్గర కమాల్ బాషా సుత్తితో తట్టి చూసి ఆగాడు.

"అమ్మా, ఈ గోడ గట్టిగానే ఉండాది."

"మరక కనపడతాందా లేదా నీకు?"

"కనపడతాంది."

"మరి గీకప్పా! ఆయప్ప మాదిరే నువ్వూ మొదలుపెట్టినావా?"

గీకి సున్నం కొట్టాడు. సున్నం పట్టలేదు. ఇంకో పూత కొట్టినా మరక పైకి తేలింది.

"పెచ్చు లేపు" అంది శ్యామలమ్మ.

ఇటుక కనపడేదాకా చెక్కి, కొత్త సిమెంటు పూశాడు. పెచ్చులన్నీ గంపలకెత్తి మున్సిపాలిటీ బండిలో పోశారు.

శ్యామలమ్మ తనే గదులు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, కిటికీలు బార్లా తెరిచింది. ఇక పిల్ల హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. గుండెల మీంచి బండ దించినట్టయింది ఆమెకు.

సాయంత్రం ఖలందర్ బడి నుంచి పిల్లను తీసుకుని వచ్చాడు. వాకిట్లోనే నిలబడిపోయాడు. గోడ దగ్గరికి పోయి, అరచెయ్యి ఆనించి, అట్లాగే కూలబడ్డాడు.

"కోపమొచ్చిందా నాయనా? పిల్ల కోసమే గదా చేసింది!"

రేష్మా బడి సంచీ పారేసి పరుగెత్తింది. తడి సిమెంటుకు ముక్కు ఆనించింది. ఇటు వెతికింది. అటు వెతికింది. ముక్కుకంటిన సిమెంటుతో శ్యామలమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, మా అమ్మీ పూలు కట్టేటప్పుడు గోడకు తల ఆనించుకుంటాండె గదా, ఆ తలనూనె మరకను యాడ పెట్టినావు?"