విశ్వకర్మ చేతి వాచీ

విగ్రహం లారీ ఎక్కేలోగా కావలసిన పనులు: దేవుడి ముందు పెట్టిన సుత్తులు, స్పానర్లు ఎవరివి వాళ్ళకివ్వాలి. అది మగవాళ్ళ పని. వెండి కిరీటం, గొలుసు ఊడదీసి పెట్టెలో పెట్టాలి. అది ఆడవాళ్ళ పని. లారీకి కొబ్బరికాయ కొట్టాలి. దేవుడి కుడిచేతికున్న సుజన స్మార్ట్‌వాచీ తియ్యాలి.

ఈ చివరిది ఎవరి పనో తేలక, కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో విశ్వకర్మ పందిట్లో ఫిట్టర్ బైరాగి, భార్య కాసులమ్మ వాదులాడుకుంటున్నారు. పూజనాడు ఏ మిషనూ పని చెయ్యకూడదని, కూతురు సుజన వాచీని నిన్న దేవుడికి కట్టింది బైరాగే.

"ఛార్జింగెడతాం. సిమ్మేత్తాం. అడుగులు లెక్కెడతాది. మిషన్ కాకపోతే ఏటే? నానే తీత్తాను."

"మరి బంగారు రంగు పట్టీ ఏటికి? నీ సుత్తికేసినావా పట్టీ? అది నగ. దేవుడి నగ మీద మగోడి సెయ్యి పడకూడదు."

"నగకి అప్‌డేట్ ఒత్తాదేటే?"

"ఎందుకు రాదు? మీ అమ్మిచ్చిన గొలుసు నాను మూడుసార్లు మార్పించనేదా?"

బైరాగి ఫోను మోగింది. ఆఫీసు నుంచి సుజన.

"నాన్నా, వాచీ మర్చిపోకండి. నేను ఆరింటికల్లా చెరువు దగ్గరికొస్తాను. ఇవాళే ఆఖరి రోజు. ఎనిమిదిలోగా పదివేల అడుగులు వెయ్యకపోతే ఆఫీసు నడక పోటీలోంచి తీసేస్తారు. గెలిస్తే దుర్గాపూజలకి మూడు రోజులు ఎక్కువ సెలవు!"

"దాదా, తొందరగా!" అని లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు.

కొబ్బరికాయ కొడుతూ బైరాగి మెత్తబడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఏది నగో ఏది కాదో కాసులమ్మ చెప్పిందే చెల్లింది. ఇవాళ కాదంటే ఒరిగేదేముంది? నగే అనుకుందాం. తనే తీస్తుంది.

డప్పులు మోగాయి. లారీ గుంతల్లో పడుతూ లేస్తూ సాగింది. కుర్రాళ్ళు దేవుణ్ణి భుజాలకెత్తుకుని గంటన్నర చిందులేసి, చెరువులో దించేశారు.

అప్పుడే సుజన పరిగెత్తుకొచ్చింది. "వాచీ ఏది?"

బైరాగి భార్యకేసి చూశాడు. "నువ్వు తియ్యనేదేటి?"

"నానా? ఏడాదికో పండగ నీది, నీ మాటెందుకు కాదనాలని మిషనేననుకుని ఒగ్గేసినాను!"

ముగ్గురూ చెరువుకేసి తిరిగారు. వెల్లకిలా తేలుతున్న విశ్వకర్మ కుడిచెయ్యి అలలకి పైకీ కిందకీ ఊగుతోంది. మణికట్టు దగ్గర పచ్చ దీపం మిణుకుమంటోంది.

సుజన ఏడుపు మొదలెట్టేలోగా ఫోనొచ్చింది. మేనేజర్ యోగేశ్.

"కంగ్రాట్స్ సుజనా! పద్దెనిమిది వేల అడుగులు! నువ్వే ఫస్ట్. ఆగకుండా ఈత కూడా కొడుతున్నావని చూపిస్తోంది. అసలు నువ్వు మనిషివేనా?"

సుజనకు మూడు రోజుల సెలవొచ్చింది. మీరు మాత్రం, మట్టికాళ్ళతో ఒక్కడుగూ వెయ్యకుండా ఫస్టొచ్చిన ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి తలుచుకోండి.