సున్నం గుర్తు

పద్దెనిమిదేళ్ళు నిండితే ఒక కిడ్నీ సర్కారుకి ఇచ్చెయ్యాలని చట్టం. తెల్లారితే విజయదుర్గ వంతు. ఇవ్వనంటూ పారిపోయి కొబ్బరితోటలో పాకలో దాక్కుంది. కాయలు దింపే సూరయ్య మామయ్య ఎవరికీ చెప్పనని కోనసీమలో దేవుళ్ళందరి మీదా ఒట్టేసి, వేడి పాలు తాగించి, బయట తాళం వేశాడు.

అర్ధరాత్రి ఆమెకి మెలకువ వచ్చింది. బయట చెట్ల మీద కుంచె గీస్తున్న చప్పుడు. మర్నాడు దింపాల్సిన చెట్లకి సున్నం గుర్తు పెట్టడం మామయ్యకి అలవాటే.

"మామయ్యా, మీరేనాండీ?"

"ఆయ్, నేనేనమ్మా. గుర్తులన్నీ అయిపోయేయి, పడుకో."

ఆమె ఊపిరి పీల్చుకుని పక్కకి తిరిగింది. కుడి నడుం దగ్గర వేళ్ళకి తడి సున్నం అంటింది. ఎడమవైపు తడిమింది. అక్కడా ఉంది.

"చట్టం అడిగింది ఒకటే కదండీ!"

తాళం తీస్తున్న చప్పుడు.

"ఆయ్. ముందు ఏదన్నది నీ ఇష్టమేనమ్మా."