ఆరని ఎర్ర చుక్క

కంప్యూటర్ మానిటర్లు బాగుచేసే ఆయన పోయాక, పనిగదిలో ఆయన సొంత మానిటర్ ఒక్కటే మిగిలింది. దాని తెర మూలన ఒక ఎర్ర చుక్క, సూదిమొనంత, ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది.

"ఊళ్లోవాళ్లవన్నీ బాగుచేస్తారు, మన ఇంటిది మాత్రం మీ కంటికి ఆనదు," అని భార్య దెప్పేది.

ఒక రాత్రి నిద్ర పట్టక ఆమే పూనుకుంది. ఇలాంటి చుక్కలు పోగొట్టడానికి ఆయన చేసినట్టే తెర ఆర్పి, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, చుక్క ఉన్నచోట ఒత్తింది. "గట్టిగా నొక్కకే, పగిలిపోతుంది," అనేవారాయన.

ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. ఆమె వేలు తీయబోయింది. సరిగ్గా అదే చోట, తెర లోపలి నుంచి, ఇంకో వేలు ఆమె వేలిని ఒత్తింది.

 ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మెల్లగానండీ," అంది. "పగిలిపోతుంది."